మీ నాయనమ్మ పుట్టిల్లు వెతికే ముందు

చి. అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మెసేజ్ చదివాను. మీ నాన్నకి రెండో ఏడు నిండకముందే పురిట్లో పోయిందని చెప్పే మీ నాయనమ్మ ఎవరి బిడ్డో, ఆవిడ అమ్మానాన్నలెవరో, అటు వైపు ఇప్పుడెవరైనా ఉన్నారో లేదో కనుక్కోవాలనుంది అన్నావు. నీ చేతిలో ఉన్నది ఆవిడ పేరు, "రేపల్లె వైపు వాళ్ళట" అన్న ఒక్క ముక్క, పెళ్ళి 1950 ప్రాంతంలో, పోవడం 1957లోనో 58లోనో అన్న అంచనా. తక్కువేం కాదు. ఇంతకంటే తక్కువ పట్టుకుని పాత దస్తావేజుల కోసం నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు.

నేను మీ అమ్మ వైపు వాణ్ణి. ఆవిణ్ణి చూడలేదు, కాబట్టి ఆవిడ గురించి చెప్పడానికి నా దగ్గర కథలేం లేవు. బతుకంతా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి గనక ఎక్కడ ఏం దొరుకుతుందో, అందులో ఏది నమ్మచ్చో చెప్పగలను.

ఇరవై రెండేళ్ళకో ఇరవై మూడేళ్ళకో పోయిన ఆడమనిషికి ఆ రోజుల్లో తన పేరు మీద కాగితాలు ఉండవు. ఓటు రావాలన్నా అప్పట్లో 21 నిండాలి. బ్యాంకు ఖాతా లేదు, ఉద్యోగం లేదు, బడికి వెళ్ళి ఉంటే నాలుగైదు తరగతులు. అందుకని ఆవిడ పేరు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే చెప్పులరగడమే. ఆవిడ పోయినందువల్ల ఎవరికి ఏం సంక్రమించింది, ఎవరి సంతకం అవసరం పడింది, పసివాణ్ణి ఎవరు సాకారు, ఆవిడకి ఎవరు నీళ్ళు వదిలారు, అవి వెతుకు. ఆవిడ జాడ అక్కడ ఉంటుంది.

మొదట వెళ్ళాల్సింది ఏ ఆఫీసుకీ కాదు, మీ మామ్మ దగ్గరికి. నీకు ఆశ్చర్యంగా ఉండచ్చు, మీ తాత చేసుకున్న రెండో భార్యకి మొదటావిడ గురించి ఏం తెలుస్తుంది అని. అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఆ ఇంట్లో ప్రతి మూలా ముందున్న మనిషి గురించి వింటుంది. చాలా ఇళ్ళల్లో పోయినావిడ చెల్లెల్నే ఇచ్చేవాళ్ళు గనక పుట్టింటి వరస తెగేది కాదు. మీ తాతకి బయటి సంబంధం చేశారు. అక్కడే మీకు దారి తెగింది. కానీ ఆ తెగడం ఒక్క రోజులో జరిగి ఉండదు. అటు వాళ్ళు కొన్నాళ్ళు వస్తూ పోతూ ఉంటారు, ఆ వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చింది మీ మామ్మే.

ఎనభై దాటిన మనిషి. "మామ్మా, మా నాయనమ్మది ఏ ఊరు?" అని సూటిగా అడిగితే "నాకేం తెలుసే" అంటుంది, అక్కడితో అయిపోతుంది. ఇలా అడుగు: "నువ్వు ఈ ఇంటికొచ్చేసరికి మా నాన్న ఎవరి దగ్గరున్నాడు మామ్మా?" తల్లి పోయిన పసివాళ్ళని సాధారణంగా అమ్మమ్మ తీసుకెళ్ళేది. ఎప్పుడో ఒక రోజు ఎవరో తీసుకొచ్చి దింపి ఉంటారు. ఎవరు దింపారు, పిల్లాడు ఏడ్చాడా, పొద్దున బయల్దేరితే ఎప్పటికి చేరేవాళ్ళు, బండి మీదా రైల్లోనా, వచ్చేటప్పుడు ఏం తెచ్చేవాళ్ళు. ఇవన్నీ ఆవిడకి నోటిమీద ఉంటాయి. ఊరి పేరు మర్చిపోయిన మనిషి కూడా వాళ్ళు తెచ్చిన మామిడిపళ్ళో ఎండుచేపలో మర్చిపోదు.

నువ్వొక్కదానివే ఉన్నప్పుడు అడుగు. మీ బాబాయిలు, అత్తలు పక్కన ఉంటే ఆవిడ మాట ఆచితూచి వస్తుంది. సవతి ఊసు సొంత పిల్లల ముందు ఎత్తడం ఏ ఆడదానికైనా ఇబ్బందే. చెప్పేటప్పుడు ఫోన్లో రికార్డు చేసుకో, కానీ అడిగి చెయ్యి. ఒక్క రోజులో తవ్వేయాలని చూడకు. మొదటి రోజు రానిది మర్నాడు కూర తరుగుతుండగా దానంతటదే వస్తుంది.

ఇంకొక్క ప్రశ్న. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకునేటప్పుడు మొదటావిడకి విడిగా చీర పెట్టేవాళ్ళా? ముత్తయిదువగా పోయినావిడ గనక మహాలయ పక్షాల్లో అవిధవా నవమి నాడు ఏమైనా చేసేవాళ్ళా? చేసి ఉంటే ఆ రోజు ఎవర్ని పిలిచి భోజనం పెట్టేవాళ్ళో అడుగు.

"రేపల్లె వైపు" అన్న మాటని మాత్రం అప్పుడే గట్టిగా పట్టుకోకు. తెనాలి దగ్గర మీ ఊరి వాళ్ళకి రేపల్లె అంటే రైలు ఆగిపోయే చోటు. ఆ రైలు దిగి పెనుమూడి రేవుకి పోయి, పడవలో కృష్ణ దాటితే పులిగడ్డ, అక్కణ్ణించి దివిసీమ. ఇప్పుడంటే వంతెన ఉంది, ఆ రోజుల్లో పడవే. దివిసీమ పిల్లని చేసుకున్నా ఇటువాళ్ళు "రేపల్లె వైపు" అనే అంటారు, ఎందుకంటే టికెట్ తీసుకునేది రేపల్లెకే. ఆ రెంటికీ తేడా చాలా ఉంది. అప్పట్లో ఇటు గుంటూరు జిల్లా, అటు కృష్ణా జిల్లా. రిజిస్ట్రారు ఆఫీసులు వేరు, తాలూకాలు వేరు. పైగా దివిసీమ అయితే 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. వేల మంది పోయారు, కొన్ని పల్లెల్లో ఇంటికి ఇల్లే తుడిచిపెట్టుకుపోయింది. వరస అందుకే తెగిందేమో కూడా మనకి తెలియదు. అందుకని మామ్మని "పడవెక్కేవాళ్ళా?" అని తప్పకుండా అడుగు.

ఇంట్లో వెతకాల్సినవి కొన్నున్నాయి. మొదటిది అటక మీద ఇత్తడి సామాను. కూతురికి సారె పెట్టేటప్పుడు బిందెల మీద, గంగాళాల మీద పేర్లు చెక్కించేవాళ్ళు. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, అంచు కింద ఒక వరసలో ఉంటాయి. చింతపండు పెట్టి తోమితే కనపడవు, అక్షరాల్లో మురికి ఉన్నప్పుడే చదవడానికి వీలు. పక్కనుంచి టార్చి వేసి ఫొటో తియ్యి. పుట్టింటివాళ్ళు చెక్కించింది అయితే తండ్రి ఇంటిపేరులో మొదటి అక్షరం ముందుంటుంది. మీ ఇంటిపేరు అక్షరంతో కాకుండా వేరే అక్షరంతో ఒక్క బిందె దొరికినా సగం పని అయినట్టే. అయితే ఆ అక్షరం మామ్మ పుట్టింటిది కాదని చూసుకో. డెబ్భైల్లో ఎనభైల్లో ఇత్తడి వేసి స్టీలు కొనుక్కున్న ఇళ్ళే ఎక్కువ, అందుకని పెద్దగా ఆశ పెట్టుకోకు.

రెండోది, దీని మీద నాకు చాలా నమ్మకం, చదివింపుల పుస్తకం. మీ అమ్మానాన్నల పెళ్ళిలో మగపెళ్ళివారి వైపు ఒకరు చిన్న బల్ల వేసుకుని రాస్తూ కూర్చునేవాళ్ళు. ఊరు, ఇంటిపేరు, పేరు, ఎంత ఇచ్చారు. తిరిగి వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకి తగ్గకుండా చదివించాలి గనక ఆ పుస్తకాన్ని ఎవరూ పారెయ్యరు, బీరువాలో దస్తావేజుల పక్కనే ఉంటుంది. ఒక్కో వరసా చూడు. పదకొండు రూపాయలు, పదహారు రూపాయలు, స్టీలు గిన్నె, ఇలా పోతూ ఉంటుంది. మధ్యలో మీ ఇంట్లో ఎవరూ తెలియని ఊరు, వినని ఇంటిపేరు, కానీ చదివింపు నూటపదహార్లో, బట్టలతో సహానో ఉంటే అక్కడ ఆగు. ఊరికే పరిచయం ఉన్నవాళ్ళు అంత చదివించరు. మేనమామ అయి ఉండాలి, లేదా ఆయన తరఫున వచ్చినవాళ్ళు. మీ తాత మొదటి పెళ్ళి నాటి పుస్తకం కూడా ఉంటే ఇంక చెప్పేదేముంది.

ఉత్తరాల కట్ట దొరికితే కార్డు మీద పోస్టాఫీసు ముద్ర చూడు, ఊరి పేరు అందులో ఉంటుంది. చావు కబురు తెచ్చిన ఉత్తరం మాత్రం దొరకదు. చదివి చించేయడం మన ఆచారం. ఫొటో ఉంటే వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర ఉందేమో చూడు.

మీ నాన్న సంగతి. ఆయన ఈ విషయం ఎత్తనివ్వడని రాశావు. బలవంతం చెయ్యకు. కానీ 1992, 2004, 2016 కృష్ణా పుష్కరాల్లో ఎప్పుడైనా ఆయన పిండప్రదానం చేసి ఉంటే, పురోహితుడు తల్లి తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా అడిగే ఉంటాడు. మాతామహ వర్గం అంటారు. ఆ పేర్ల కోసం మీ నాన్న ముందురోజు ఎవరికో ఫోన్ చేసి ఒక కాగితం మీద రాసుకుని ఉండాలి. ఆ కాగితం పంచాంగంలోనో, దేవుడి గూట్లోనో ఉంటుంది. అది దొరికితే ఒక్క దెబ్బతో మూడు తరాలు. "నాన్నా, పుష్కరాల్లో చెప్పిన పేర్లు ఎక్కడైనా రాసిపెట్టావా, ఈసారి తమ్ముడికి కావాలి కదా" అని అడిగితే ఆయనకీ ఇబ్బంది ఉండదు. అయితే ఒక జాగ్రత్త. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పించడం వాడుక. కాగితంలో కాశ్యప అని ఉంటే నిజంగా వాళ్ళది అదేనా, తెలియక చెప్పించారా అన్నది వేరే దారిలో తేల్చుకోవాలి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించింది చెప్తాను, ఇది నిదానంగా చదువు.

మన వైపు భూమి ఉన్న కుటుంబాల్లో కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసివ్వడం బాగా ఉండేది. అది దాన దస్తావేజు, దఖలు దస్తావేజు అని కూడా అంటారు. 1950 నాటిది అయితే దాదాపు ఇలా ఉంటుంది: ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్థుడు ఫలానావారి ఫలానా కుమారుడు ఫలానా, "నీవు నా కుమార్తెవైనందున నీ యందు గల ప్రేమాభిమానములచేత పసుపు కుంకుమల నిమిత్తం" ఇస్తున్నాననీ, "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో" అనుభవించమనీ. అంటే తండ్రి పేరు, తాత పేరు, ఇంటిపేరు, ఊరు, తాలూకా మొదటి నాలుగు పంక్తుల్లోనే. కింద హద్దులు: తూర్పున ఫలానావారి భూమి, దక్షిణాన పంటబోదె. ఆ హద్దుల్లో అన్నదమ్ముల పేర్లు కూడా తరచూ వస్తాయి, పంచుకున్న భూమి పక్కపక్కనే ఉంటుంది గనక. చివర సాక్షి సంతకాలు చూడు. కూతురికి రాసే దస్తావేజుకి మేనమామో, పెద్ద కొడుకో, పిల్ల మామగారో సాక్షి పెట్టేవాళ్ళు. పరాయివాళ్ళని పిలవరు.

ఆవిడ 1957లో పోయి ఉంటే, అప్పటికి 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేసింది. ఆవిడ ఆస్తి కొడుక్కీ భర్తకీ సమానంగా వస్తుంది. అంటే ఆ భూమిలో సగం రెండేళ్ళ మీ నాన్నది. ఆ ఊళ్ళో ఉండని మీ తాత దాన్ని ఎప్పుడో ఒకప్పుడు అమ్మే ఉంటాడు. అమ్మాలంటే తనకోసం ఒక సంతకం, "మైనరు కుమారునికి గార్డియను తండ్రి" అని ఇంకో సంతకం పెట్టాలి. ఆ అమ్మకం దస్తావేజులో భూమి తనకెలా వచ్చిందో రాయకుండా ఏ లేఖరీ ముందుకి పోడు. "సదరు మైనరు తల్లి కీర్తిశేషులు ఫలానాకు ఆమె తండ్రి ఫలానా ఫలానా తేదీన రాసియిచ్చిన దఖలు దస్తావేజు మూలకంగా" అని ఉండి తీరుతుంది. మీ నాయనమ్మ పేరు, వాళ్ళ నాన్న పేరు ఒకే వాక్యంలో.

ఇంకా ఉంది. మైనరు ఆస్తిని తండ్రి అయినా కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మకూడదని 1956లోనే వచ్చిన మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెప్తుంది. పర్మిషన్ తీసుకుంటే ఆ పిటిషన్‌లో అంతా ఉంటుంది. తీసుకోనివాళ్ళే ఎక్కువ. అలాంటప్పుడు కొన్నవాడికి టెన్షన్. మైనరు పెద్దవాడై మూడేళ్ళలోపు దావా వేస్తే అమ్మకం కొట్టేయచ్చు. అందుకని పిల్లాడికి పద్దెనిమిది నిండగానే వచ్చి ఒప్పుదల సంతకం పెట్టించుకుంటారు. మీ నాన్న 1974, 75 ప్రాంతంలో కాలేజీలో ఉండగా ఎవరో వచ్చి ఆయన్ని ఒక ఆఫీసుకి తీసుకెళ్ళి సంతకం పెట్టించిన జ్ఞాపకం ఉందేమో అడుగు. తల్లి గురించి మాట్లాడని మనిషి ఆ సంతకం గురించి మాట్లాడతాడు. ఆ రోజు భోజనం ఏ హోటల్లో పెట్టించారో కూడా చెప్తాడు.

ఇది ఎక్కడ వెతకాలి అంటే, భూమి ఎక్కడుంటే ఆ పరిధిలోని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో. మీ ఊరి ఆఫీసులో కాదు. మామ్మ చెప్పేదాన్ని బట్టి రేపల్లెనా, దివిసీమ వైపు అవనిగడ్డనా తేల్చుకో. కంప్యూటర్లో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, 1983 నుంచే వస్తుంది, నీకు కావలసింది అంతకుముందుది గనక ఆన్‌లైన్‌లో వెతికి లేదనుకోకు. ఆఫీసుకి వెళ్ళి పాత ఇండెక్సు వెతికించాలి. ఇండెక్సు 1 మనుషుల పేర్ల మీద ఉంటుంది, ఇండెక్సు 2 ఆస్తి మీద, ఊరివారీగా. నీకు సర్వే నంబరు తెలియదు గనక ఇండెక్సు 1 అడుగు. మీ తాత పేరు మీద 1957 నుంచి 1976 దాకా చూడమను. నాయనమ్మ పేరు మీద 1948 నుంచి 52 దాకా. ఒకటో పుస్తకం, అంటే స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, దాని ఇండెక్సు ఫీజు కట్టినవాళ్ళెవరైనా చూడచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్లోనే ఉంది. "మీకేం సంబంధం" అని ఎవరైనా అడిగితే నెమ్మదిగా ఆ మాట చెప్పు, గొడవ పడకు. పాత వాల్యూములు అట్టలూడి, అంచులు పొడైపోయి ఉంటాయి. వాటిని దించే అటెండరు ముసుగు కట్టుకుని దించాలి, ఆయనతో మంచిగా ఉండు. ఆ చేతిరాత నీకు కొరుకుడు పడదు. నకలు తీసుకుని నాకు పంపు, నేను చదివి చెప్తాను.

మీ నాయనమ్మ తండ్రి పేరు తెలిశాక ఇంకో మెట్టు. ఆయన వీలునామా రిజిస్టరు చేసి ఉంటే అది మూడో పుస్తకంలో ఉంటుంది. రాసినవాడు బతికుండగా పరాయివాళ్ళకి ఇవ్వరు, పోయాక అర్జీ పెట్టుకున్నవాళ్ళకి నకలిస్తారు. అందులో "చనిపోయిన నా కుమార్తె కుమారుడు" అని మీ నాన్న ప్రస్తావన ఉన్నా ఉండచ్చు. అలాగే వాళ్ళింట్లో పంపకాల దావా నడిచి ఉంటే ఆ డిక్రీకి వంశవృక్షం తగిలించి ఉంటుంది. కోర్టు కాగితాల్లో వంశవృక్షం అంటే నాకు ఎంతో గౌరవం. అటు పక్షం, ఇటు పక్షం ఇద్దరూ తప్పు పట్టడానికి కాచుకుని కూర్చుని ఒప్పుకున్నది అది.

భూమి ఇవ్వలేదు, దస్తావేజు లేదు అంటే మరణాల రిజిస్టరు. జనన మరణాల చట్టం 1969లో వచ్చింది, అంతకు ముందు పల్లెల్లో ఈ లెక్క మునసబు రాసేవాడు. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ మార్పుల్లో దఫ్తరాలన్నీ పద్ధతిగా చేతులు మారాయని అనుకోకు. పాత తాలూకా కేంద్రంలోని ఆఫీసు నుంచి మొదలుపెట్టు, మండలాఫీసు నుంచి కాదు. పురుడు పుట్టింట్లో జరిగి అక్కడే పోయి ఉంటే నమోదు ఆ ఊళ్ళో ఉంటుంది, మీ ఊళ్ళో ఎంత వెతికినా ఉండదు. ఆ పురిట్లో బిడ్డ కూడా పోయిందని విన్నానన్నావు. పేరు పెట్టని బిడ్డ గనక తండ్రి పేరు మీద "ఆడ శిశువు" అనో "మగ శిశువు" అనో రాసి ఉంటుంది. కారణం దగ్గర "జ్వరం" అని ఉంటే దానికి పెద్ద విలువ ఇవ్వకు, ఆ గడిలో ఎక్కువగా రాసే మాటే అది. జిల్లాల పేర్లతో తికమక పడకు. రేపల్లె 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. పాత కాగితంలో బాపట్ల అన్నది ఒక తాలూకా పేరు మాత్రమే.

బడి రికార్డు దొరికితే తండ్రి పేరు నమ్ము, పుట్టిన తేదీ నమ్మకు. జూన్ 1, జూలై 1 అని ఉంటే అది మేష్టారు వేసిన తేదీ.

ఇంటిపేరు, ఊరు దొరికాక ముత్తాతల పైకి పోవాలంటే వంశరాజులని వెతుక్కోవచ్చు. కులాన్ని బట్టి వంశావళి చెప్పేవాళ్ళు మారతారు. పద్మశాలీలకి కూనపులివారు, మాదిగలకి డక్కలివారు, కాపు, రెడ్డి, కమ్మ వంటివాళ్ళకి వంశరాజులు. వాళ్ళు పాడే పేర్లలో మొగవాళ్ళే ఎక్కువ వస్తారు, అదొక్కటే నాకు అసంతృప్తి. ఈనాం భూములు, అంటే పాత పాలకులు పన్ను తీసేసో తగ్గించో ఇచ్చిన భూములు, ఉన్న కుటుంబమైతే 1860ల నాటి ఈనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తీయించు, అప్పటి అనుభవదారుల పేర్లుంటాయి. చర్చి కుటుంబమైతే బాప్తిస్మపు రిజిస్టరు అన్నిటికంటే గట్టిది. డీఎన్ఏ పరీక్ష గురించి అడిగావు. అవతలివాళ్ళు కూడా చేయించుకుని ఉంటేనే కలుస్తుంది, మన పల్లెల్లో ఎవరు చేయించుకున్నారు? డబ్బు దండగ. కులం పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపుల్లో ఆవిడ పేరు, ఫొటో పెట్టకు. ఇరవై మంది "మావాళ్ళే" అంటారు.

నీ స్నేహితురాలిది నల్గొండ వైపు అన్నావు కదా, ఆ అమ్మాయికి ఇదంతా వర్తించదు. అక్కడ నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉంటాయి, సంవత్సరం ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరంలో, ఉంటుంది. దానికి 590 కలిపితే దగ్గర దగ్గర మన సంవత్సరం వస్తుంది. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన భూమి రికార్డు, అక్కణ్ణించి వెనక్కి వెళ్ళమను. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఇంట్లో ఎవరెవరి పేరున బియ్యం ఇచ్చుకుంటారో కూడా అడిగి రాసుకోమను.

మనుషులు దొరికాక ఎలా వెళ్ళాలో చెప్పాలి, ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. అరవై డెబ్భై ఏళ్ళ తర్వాత హైదరాబాద్ నుంచి చదువుకున్న పిల్ల వచ్చి "మీ తాతగారి పేరేంటి, సర్వే నంబరెంత" అంటే వాళ్ళకి ఒక్కటే తోస్తుంది: ఆడపడుచు వాటా కోసం వచ్చారు. ఎకరం కోట్లు పలికే రోజులు. వాళ్ళని తప్పు పట్టలేం. కాబట్టి దస్తావేజు నకళ్ళు సంచిలోంచి తియ్యకు, అసలు తీసుకెళ్ళకు. ముందు ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళ ద్వారా కబురు పంపించు. మీ నాన్న వస్తే చాలా మంచిది, మేనల్లుడు గుమ్మంలోకి వస్తే ఎవరూ పొమ్మనరు. ఆయన రాకపోతే మీ అమ్మని తీసుకెళ్ళు. పళ్ళు, ఇంట్లో పెద్దావిడకి ఒక చీర. వెళ్ళగానే "మేం దేనికోసమూ రాలేదండీ, నాయనమ్మ ఫొటో ఏమైనా ఉందేమోనని వచ్చాం" అని చెప్పు. అటు వైపు కూడా ఆవిణ్ణి తలుచుకునేవాళ్ళుంటారు. పోయిన పిల్ల పేరు తర్వాతి తరంలో ఎవరికో పెట్టి ఉంటారు. ఆ ఇంట్లో అదే పేరుతో ఒక అత్తయ్య ఉందంటే ఇంకే రుజువూ అక్కర్లేదు.

ఆవిడ ఎలా పోయిందన్నది నువ్వు అడగకు. పురిట్లో అని మీ ఇంట్లో చెప్పారు, నిజమే కావచ్చు. రెండు కుటుంబాలు అంత పూర్తిగా రాకపోకలు మానేశాయంటే ఏదో మాట పడి ఉండచ్చు, పసివాణ్ణి వెనక్కి తీసుకెళ్ళేటప్పుడు గొడవ జరిగి ఉండచ్చు, వైద్యం ఆలస్యం చేశారన్న కోపం ఉండచ్చు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే విను. మీ తాత మీద వాళ్ళకి ఇంకా కోపం ఉంటే సమర్థించబోకు. విన్నదాన్ని అదే రోజు మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పకు కూడా. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆ కబురు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పాల్సినది.

దొరికిన ప్రతిదానికీ పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాసుకో. మామ్మ చెప్పింది, దస్తావేజులో ఉన్నది, నువ్వు ఊహించింది, ఈ మూడూ కలిపెయ్యకు. నీ తర్వాత చూసేవాళ్ళకి ఏది ఏదో తెలియాలి.

ఈ వారం మామ్మ దగ్గరికి వెళ్ళిరా. అవనిగడ్డ అని తేలితే నాకు చెప్పు, అక్కడ పాత లేఖరి ఒకాయన నాకు తెలుసు, ఇండెక్సు వెతికే పని ఆయనకి అప్పగిద్దాం. రేపల్లె అయితే నేనే వస్తాను, ఎండలు తగ్గాక. ఫోన్ చేసేటప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చెయ్యకు, పడుకుంటాను.

ఇట్లు,
తాతయ్య